ఒంటిపూట పని

(వేసవి మొదట్లో గోదావరిఖనిలో భవన నిర్మాణ కార్మికులు, ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు కలిసి జరుపుకున్న సమావేశంలో ఒక విశ్రాంత వైద్యుడు చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం.

ఈ సమావేశాన్ని మొదట ఉదయం 11 గంటలకు పెట్టుకున్నారు. ఆహ్వానపత్రం చేతికి రాగానే నేను నిర్వాహకులకు ఫోను చేసి, ఎండలో జాగ్రత్తల గురించి వినడానికి జనాన్ని ఎండలో నడిపించడం ఏం న్యాయమని అడిగాను. వాళ్ళు నవ్వి, 7 గంటలకు మార్చారు. దానివల్ల ఎవరికీ నష్టం కలగలేదు. హాలు నిండింది, టీ కాస్త ముందుగా కాచవలసి వచ్చింది, అంతే. నేను ఈ రోజు మాట్లాడబోయేది కూడా ఇలా వేళ మార్చుకోవడం గురించే.

మన రెండు రాష్ట్రాల్లోనూ మార్చి నడుమకు వచ్చేసరికి ఒంటిపూట బడులు మొదలవుతాయి. పిల్లలు పొద్దున్నే బడికి పోయి, పన్నెండున్నర ప్రాంతానికి ఇంటి దారి పడతారు. ఇది ఎవరికీ వింతగా తోచదు, దీనివల్ల చదువులు పాడైపోతున్నాయని ఎవరూ గగ్గోలు పెట్టరు. న్యాయస్థానాలకు వేసవి సెలవులున్నాయి. గుంటూరు మిర్చి యార్డు కూడా ఏటా మే నెలలో తలుపులు మూసి, కొన్ని వారాలపాటు సెలవు తీసుకుంటుంది. అంటే ఎండను బట్టి గడియారాన్ని జరుపుకోవడం మనకు చేతకాని విద్య కాదు. బడిలో పిల్లవాడికోసం జరిపిన ఆ ముల్లును, వాడి తల్లి ఇటుకలు మోస్తున్న చోట ఎందుకు జరపలేకపోతున్నాం?

జవాబు వెతికే ముందు ఒంట్లో ఏం జరుగుతుందో కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే వడదెబ్బ మీద మనకున్న అపోహల్లో సగం అక్కడే పుడుతున్నాయి. మనిషి ఒళ్ళు లోపల 37 డిగ్రీల దగ్గర నిలవాలి. పని చేసే కండరం తాను ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతుకు మించి పనిగా మార్చలేదు. మిగిలిందంతా వేడిగా ఒంట్లోనే ఉండిపోతుంది. కాబట్టి తట్టలో కంకర మోసుకుని రెండో అంతస్తు ఎక్కే మనిషికి పైనున్న సూర్యుడు ఒక పొయ్యి అయితే, ఆ మనిషి తొడలూ భుజాలూ రెండో పొయ్యి. గాలి మన ఒంటికన్నా చల్లగా ఉన్నంతసేపు ఈ వేడి దానంతటదే బయటికి పోతుంది. గాలి ఒంటికన్నా వేడెక్కిన తరువాత మిగిలే దారి చెమట ఒక్కటే. చెమట కారితే లాభం లేదు, ఆరాలి. లీటరు చెమట ఒంటిమీద ఆరిపోతే సుమారు 580 కిలో కేలరీల వేడిని వెంట తీసుకుపోతుంది. కారి నేలమీద పడిన చెమట ఒంట్లో నీటిని ఖర్చు పెట్టి, చల్లదనాన్ని మాత్రం ఇవ్వదు. మట్టికుండ నీళ్ళు చల్లబడటం వెనుక ఉన్న సూత్రమూ ఇదే, వాన వచ్చేముందు ఉక్కపోతలో కుండ నీళ్ళు అంత చల్లగా ఉండకపోవడానికి కారణమూ ఇదే.

అందుకే తేమ లెక్క తీసుకోకుండా డిగ్రీలు మాత్రమే చెప్పుకోవడం సగం సమాచారం. తడిబట్ట చుట్టిన థర్మామీటరు చూపే ఉష్ణోగ్రత అని ఒకటుంది, గాలిలో ఆరుదల ఎంత సాధ్యమో అది చెబుతుంది. రామగుండంలో 44 డిగ్రీల ఎండ కాసి, గాలిలో తేమ 20 శాతమే ఉంటే ఆ తడిబట్ట లెక్క 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. మచిలీపట్నంలో 38 డిగ్రీలే ఉండి తేమ 60 శాతం ఉంటే అది 31 దాకా పోతుంది. ఈ లెక్క 35 డిగ్రీలకు చేరితే మనిషి నీడలో ఊరికే కూర్చున్నా బతకలేడని శాస్త్రవేత్తలు 2010లో ఒక హద్దు గీశారు. అయితే 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులతో తేలికపాటి పనులు చేయించి పరీక్షించినప్పుడు, తేమ గాలిలో 31 దగ్గరే ఒళ్ళు అదుపు తప్పడం మొదలైంది. పొడి వేడిలోనైతే ఆ హద్దు ఇంకా కిందికి, 25 నుంచి 28 మధ్యకు దిగింది, ఎందుకంటే ఆ వేడికి తగినంత చెమటను ఒళ్ళు తయారు చేయలేకపోయింది. కోస్తావాళ్ళు మా ఉక్కపోత మీకేం తెలుసని, మనవాళ్ళు మా ఎండ మీకేం తెలుసని పందాలు వేసుకోవడం నేను చాలా పెళ్ళిళ్ళలో విన్నాను. ఇద్దరూ ఒకే గోడ అంచున నడుస్తున్నారు.

ఇంకొక సంగతి. సాయంత్రం వార్తల్లో చెప్పే డిగ్రీలు ఎండలో కొలిచినవి కావు. పచ్చిక నేలమీద, తెల్లరంగు వేసిన, గాలి ఆడే చెక్కపెట్టెలో, నీడపట్టున ఉంచిన థర్మామీటరు చూపినవి. ఆ పెట్టెకు దొరికిన నీడ సెంట్రింగు ఇనుప రేకులమీద నిలబడి చువ్వలు కట్టేవాడికి దొరకదు. బొగ్గు గని ఉపరితలంలో నల్లటి బండమీద పనిచేసేవాడికి నేలే ఎదురు వేడి కొడుతుంది. ఇవన్నీ కలిపి, అంటే గాలి వేడి, తేమ, సూటిగా తగిలే ఎండ, గాలి వేగం కలిపి లెక్కకట్టే పద్ధతిని అమెరికా మెరైన్ సైనికుల శిక్షణ శిబిరాలకోసం 1950లలోనే తయారు చేశారు, ఎందుకంటే కొత్తగా చేరిన కుర్రవాళ్ళు కవాతు చేస్తూ పడిపోతున్నారు. సైనికుడి విషయంలో డెబ్బై ఏళ్ళ కిందటే తెలిసిన ఈ సంగతి మన పనిస్థలాలకు ఇప్పటికీ చేరలేదు.

నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. 2003 వేసవి ఎలాంటిదో మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు నేను ఒక ఆసుపత్రిలో పగటి డ్యూటీలో ఉన్నాను. మధ్యాహ్నం రెండున్నరకు నలభై ఏళ్ళ స్త్రీని మంచంమీద మోసుకొచ్చారు. కాలువ పూడిక తీసే పనికి పోయిన మనిషి. ఒళ్ళు కాలిపోతోంది, సంబంధం లేని మాటలు మాట్లాడుతోంది, చీరంతా చెమటతో తడిసి ఉంది. వడదెబ్బ తగిలితే చెమట ఆగిపోతుందని పుస్తకంలో చదువుకున్నాను, ఆమెకు చెమట పడుతోంది, కాబట్టి ఇది మెదడు జ్వరమో మలేరియానో అయి ఉంటుందనుకున్నాను. జ్వరం మందు ఇంజెక్షను ఇచ్చి, సెలైను పెట్టి, రక్తపరీక్షకు పంపాను. గంటన్నర గడిచింది. మా ఆయా, పెద్దగా చదువుకోని మనిషి, నన్నడగకుండానే రెండు బిందెల నీళ్ళు తెచ్చి ఆమెమీద కుమ్మరించింది. ఆమె బతికింది, కానీ ఆ తరువాత చాలాకాలం నడకలో తూలు పోలేదని ఊరివాళ్ళు చెప్పారు. ఆ గంటన్నర నాది.

ఎండలో ఒళ్ళువంచి పనిచేసేవాళ్ళకు వడదెబ్బ తగిలినప్పుడు చెమట ఆగనక్కరలేదని ఆ తరువాత నేర్చుకున్నాను. జ్వరం మాత్ర ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే ఇది జ్వరం కాదు. మెదడు తన ఇష్టప్రకారం పెంచుకున్న వేడి అయితే మాత్ర దాన్ని దించగలదు, ఎండనుంచీ పనిచేసే కండరాలనుంచీ వచ్చి చేరిన వేడిని దించలేదు. గుర్తుపట్టవలసిన ఒకే ఒక్క లక్షణం మనిషి మాట, నడక తేడా పడటం. అంతదాకా బాగా పనిచేసినవాడు అకారణంగా కసురుకున్నా, తడబడినా, ఎక్కడున్నాడో మరిచిపోయినా, మూర్ఛ వచ్చినా అది వడదెబ్బ అనే అనుకోండి. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది, దాన్ని అరగంటలోపు దించగలిగితే మనిషి దాదాపుగా క్షేమంగా బయటపడతాడు. కాబట్టి 108కి ఫోను చేసి, బండి వచ్చేదాకా చేతులు కట్టుకుని చూడకండి. నీడకు చేర్చి, పైబట్టలు వదులు చేసి, దొరికిన నీళ్ళన్నీ పోసి, అట్టముక్కతోనో కండువాతోనో ఎడతెరిపి లేకుండా విసరండి. క్యూరింగు తొట్టి పక్కనే ఉంటే మెడదాకా అందులో కూర్చోబెట్టి, ఇద్దరు పట్టుకుని ఉండండి. మంచుగడ్డలు దొరికితే మెడకు, చంకలకు, గజ్జలకు పెట్టండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు చల్లబరచడం, ఆ తరువాతే తరలించడం. ఈ వరుస తారుమారైతే ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైపోతుంది.

2015 మే ఆఖరి పది రోజులు మనకు మరిచిపోలేని గాయం. దేశం మొత్తంమీద 2 వేలకు పైగా వడగాడ్పుకు చనిపోతే, వాళ్ళలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవాళ్ళే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత చెప్పుకునే మనకు, ఎండ ఎప్పుడు ముదురుతుందో తారీఖుతో సహా తెలిసిన మనకు, ఇంతమంది పోయారు. పైగా అది లెక్కకెక్కినవాళ్ళ సంఖ్య. వడదెబ్బ చావని తేల్చడానికి తహసీల్దారు, వైద్యాధికారి, ఎస్సై కలిసి నిర్ధారించాలి. శవపంచనామా, పోస్టుమార్టం కావాలి. పనిచేసే చోట కుప్పకూలినవాడికి ఇవన్నీ జరుగుతాయేమో గాని, మధ్యాహ్నం పనినుంచి వచ్చి, ఒంట్లో బాగాలేదని పడుకుని, తెల్లవారి లేవని ముసలాయన గుండెపోటు కిందకే పోతాడు. అహ్మదాబాదులో 2010 మే నెలలో పాదరసం 46.8 డిగ్రీలకు చేరినప్పుడు, ఆ నెల మరణాలన్నిటినీ మామూలు సంవత్సరాలతో పోల్చి చూస్తే 1,300కు పైగా అదనంగా తేలాయి. ఆ లెక్క కళ్ళు తెరిపించబట్టే ఆ నగరం 2013లో దేశంలోనే మొదటి వేడి కార్యాచరణ ప్రణాళికను రాసుకుంది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్లో వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చే సాయాన్ని 4 లక్షల రూపాయలకు పెంచింది. మంచిదే. అయితే ఆ డబ్బు అందాలన్నా పైన చెప్పిన కాగితాలన్నీ ఉండాలి కాబట్టి, ఇక్కడున్న ఆశా కార్యకర్తలు ఆ ఇంటివాళ్ళకు పోస్టుమార్టం సంగతి దహనానికి ముందే చెప్పాలి. తరువాత చెప్పి ప్రయోజనం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్రతి వేసవిలోనూ ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా బయటికి రావద్దని ప్రకటనలు వస్తాయి. వైద్యుడిగా నేను కూడా ఆ కాగితాలమీద సంతకాలు పెట్టాను. అడ్డామీద నిలబడ్డ కూలీని మేస్త్రీ తీసుకుపోయేదే తొమ్మిదింటికి. పదింటికి పని మొదలు, ఐదున్నరకు దింపు. మనం రావద్దన్న ఆ ఐదు గంటలే అతని కూలి. ఈ సలహా విని ఇంట్లో ఉంటే ఆ రోజు పొయ్యి వెలగదు. అలాంటి సలహాను సలహా అనకూడదు.

అడవి అంచు ఊళ్ళలో తునికాకు ఏరేవాళ్ళను చూడండి. నడివేసవిలో, ఏప్రిల్, మే నెలల్లోనే ఆ పని. తెల్లవారక ముందే సద్ది కట్టుకుని అడవికి పోతారు. ఎండ ఎక్కేసరికి ఆకుతో ఇల్లు చేరి, పగలంతా చెట్టు నీడనో పందిట్లోనో కూర్చుని, 50 ఆకులకొక కట్ట చొప్పున కట్టుకుంటారు. పొద్దు వాలాక కల్లానికి తీసుకుపోయి అప్పగిస్తారు. కష్టం తక్కువేమీ కాదు, డబ్బు ఎక్కువేమీ రాదు, ఎలుగుబంట్ల భయం వేరే. అయినా పనిలోని భారమైన భాగం చల్లటి వేళకు, కూర్చుని చేసే భాగం ఎండవేళకు సర్దుకుంది. గీత కార్మికులు తాడెక్కేది తెల్లవారుజామున, మళ్ళీ పొద్దు వాలాక. గొర్లకాపరి మధ్యాహ్నం మందను చెట్టుకింద నిలిపి తానూ నడుం వాలుస్తాడు. వీళ్ళెవరూ ఏ ప్రణాళికా చదవలేదు. వీళ్ళ వేళ వీళ్ళ చేతిలో ఉంది, తేడా అక్కడే ఉంది. కట్టడం పనిలో, ఇటుక బట్టీలో, గోదాములో, బండిమీద అన్నం పొట్లాలు ఇంటింటికీ చేర్చే పనిలో వేళ వేరొకరి చేతిలో ఉంది.

స్లాబు పోసే రోజు గురించి మేస్త్రీలు నాతో వాదిస్తారు. మొదలుపెట్టాక మధ్యలో ఆపితే అతుకు పడుతుంది, నీరు కారుతుంది, ఆపలేమంటారు. నిజమే. అయితే నేను ఒక ఇంజనీరు మిత్రుణ్ణి అడిగి తెలుసుకున్న సంగతి వాళ్ళకు చెబుతుంటాను. వాతావరణం 40 డిగ్రీలు దాటినప్పుడు కాంక్రీటు పోయడానికి భారతీయ ప్రమాణాల సంస్థ ప్రత్యేకంగా ఒక ప్రమాణం రాసి పెట్టింది, ఎందుకంటే ఆ వేడిలో నీరు తొందరగా ఆవిరై కాంక్రీటు పగుళ్ళు బారుతుంది. ఇసుకకు, కంకరకు నీడ కల్పించాలి, కలిపే నీటిని చల్లగా ఉంచాలి, వీలైతే సాయంత్రమో రాత్రో పోయాలి. కాంక్రీటుకు ఉన్న ఈ హద్దు ఆ కాంక్రీటును మోసే మనిషికి లేదు. స్లాబు గట్టిగా ఉండాలన్న పేరుతోనైనా సరే, తెల్లవారి నాలుగింటికి మొదలుపెట్టి పదకొండుకు ముగించండని బతిమాలుతున్నాను. దీపాలకు అయ్యే ఖర్చు ఇంటి యజమాని భరించగలడు.

ఈ హాలులో ఉన్న కుటుంబాల్లో గల్ఫులో ఒకరైనా లేని ఇల్లు తక్కువ. జగిత్యాలనుంచో సిరిసిల్లనుంచో పోయి ఖతర్‌లో కడ్డీలు కట్టే మన కుర్రవాడిచేత జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదని 2021లో అక్కడ నిబంధన తెచ్చారు. ఇందాక చెప్పిన ఆ కలిపి కట్టే లెక్క 32.1 డిగ్రీలు దాటితే వేళతో నిమిత్తం లేకుండా పని ఆపాలి. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా 11 నుంచి 4 వరకు, సౌదీలో జూన్ 15 నుంచి మూడు నెలలు 12 నుంచి 3 వరకు పని నిషేధం. ఆ దేశాలను నేను పొగడటం లేదు. రాత్రి పడుకుని తెల్లవారి లేవని మన పిల్లల పెట్టెలమీద సహజ మరణమని రాసి పంపిన దేశాలే అవి, చట్టం రాసినంత మాత్రాన అన్ని చోట్లా అమలు జరుగుతోందనీ అనను. అయినా దోహాలో ఉన్నంతకాలం కాగితంమీదైనా ఉన్న ఆ రక్షణ, విమానం దిగి సొంత ఊళ్ళో తాపీ పట్టుకోగానే అతనికి కాగితంమీద కూడా మిగలడం లేదు. మన దేశంలోనే కేరళ కార్మిక శాఖ ఏటా వేసవిలో ఆరుబయట పనివాళ్ళకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా విరామం ఇవ్వాలని ఉత్తర్వు జారీ చేస్తుంది. పొద్దున 7 నుంచి రాత్రి 7 లోపల ఎనిమిది గంటలు సర్దుకోమంటుంది. మనకన్నా తక్కువ ఎండ కాసే చోట అది సాధ్యమైనప్పుడు రామగుండంలో, రెంటచింతలలో, ఖమ్మంలో సాధ్యం కాదంటే నేను ఒప్పుకోను.

అయితే వేళ మార్చినంత మాత్రాన సరిపోదు, దానికి అడ్డొచ్చే చిన్న చిన్న సంగతులు కూడా చూడాలి. ఉపాధి హామీ పనికి మన ఆడవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా చీకటితో పోయి పది గంటలకల్లా తిరిగి వస్తున్నారు. 2022లో హాజరుకోసం ఫోనులో రోజుకు రెండు ఫొటోలు తప్పనిసరి చేసినప్పుడు, రెండోది మధ్యాహ్నం తీయవలసి రావడంతో వాళ్ళు పని అయిపోయాక కూడా ఎండలో కాచుకోవలసి వచ్చింది. గొడవ చేయగా ఆ వేళను సడలించారు. ఎండను చూడకుండా ఎక్కడో చల్లటి గదిలో రాసిన ఒక నిబంధన ఎంత పని చేయగలదో అప్పుడు చూశాం.

రెండోది కొత్తవాళ్ళ సంగతి. ఎండకు ఒళ్ళు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అలవాటు పడిన ఒళ్ళు తొందరగా చెమట పట్టిస్తుంది, ఆ చెమటలో ఉప్పు తక్కువగా పోతుంది, నెత్తురులో నీటి పాలు పెరుగుతుంది. పనిలో చేరిన మొదటి రోజు అయిదో వంతు పనే చెప్పి, రోజుకు మరో అయిదో వంతు చొప్పున పెంచుకుంటూ పోవాలన్నది పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల మాట. మనం తద్విరుద్ధంగా చేస్తాం. కొత్తగా వచ్చినవాడి సత్తా చూద్దామని మొదటి రోజే సిమెంటు బస్తాలు ఎత్తిస్తాం. ఎండలో ప్రాణం పోయిన పనివాళ్ళలో చాలామంది పనిలో చేరిన మొదటి కొద్ది రోజుల్లోనే పోయినవాళ్ళు. పది రోజులు పెళ్ళికి పోయి వచ్చిన పాత మనిషి కూడా ఈ విషయంలో కొత్త మనిషే.

ఇక నీళ్ళు. దాహం వేసినప్పుడు తాగితే ఆలస్యమైనట్టే. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు చొప్పున తాగాలి. అయితే గంటకు లీటరున్నర మించి ఒట్టి నీళ్ళు పట్టించినా ప్రమాదమే, నెత్తురులో ఉప్పు పలచబడుతుంది. ఇవన్నీ చెబుతుంటే ఒకసారి ఒక చెల్లెమ్మ లేచి, నీళ్ళు తాగమంటున్నారు సరే, తాగాక ఎక్కడికి పోవాలి సారూ అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర మందు లేదు. మరుగుదొడ్డి లేని చోట ఆడవాళ్ళు పొద్దుననుంచి నీళ్ళు తాగకుండా పనిచేస్తారు. మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు, కళ్ళు తిరగడం, ఇవన్నీ దాని ఫలితాలే. కాబట్టి కట్టడం దగ్గర నాలుగు రేకులు పాతి మరుగుదొడ్డి కట్టించడం కూడా వడదెబ్బ నివారణే అని నేను రాసివ్వగలను. 2025 నవంబరుదాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 250 మందికి మించి పనిచేసే చోట వేసవిలో నీటిని చల్లబరచి ఇవ్వాలని ఉండేది. మరుగుదొడ్లూ ఉండాలని ఉండేది. పదిమందిలోపు పనిచేసే చోట మాత్రం మేస్త్రీ మనసే చట్టం.

తాగేవాటిలో మన ఇళ్ళలో ఉన్నవాటికి మించినవి లేవు. ఉప్పేసిన పలచటి మజ్జిగ, రాగి అంబలి, గంజి, రాత్రి నానబెట్టిన సద్దన్నం, ఇవన్నీ నీటినీ ఉప్పునూ కలిపి ఇచ్చేవే. శ్రీరామనవమికి పానకం, వడపప్పు పంచే పెద్దలు ఎండాకాలం గుమ్మంలో నిలబడి ఆ పని చేశారు. గనుల్లో మజ్జిగ ప్యాకెట్లు పంచడం మీకు తెలిసిందే. చెమట బాగా పోయినప్పుడు ఓఆర్ఎస్ మంచిది. పొట్లం దొరకకపోతే లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలిచి కలుపుకోండి. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు చాలాకాలం ఇదే పేరు పెట్టుకుని మందుల షాపుల్లో కూర్చున్నాయి. వాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. హైదరాబాదుకు చెందిన ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ళ తరబడి పోరాడిన తరువాత, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. పొట్లంమీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారమని ఉందో లేదో చదివి కొనండి. కల్లు, సారా సంగతి మీకు నచ్చదని తెలిసీ చెబుతున్నాను. అవి ఒంట్లో నీటిని బయటికి తోడేస్తాయి. రాత్రి తాగినవాడు మర్నాటి ఎండకు సగం ఎండిపోయే పనికి వస్తాడు. బీపీకి నీటి మాత్రలు వాడేవాళ్ళు, చక్కెర జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు వేసవికి ముందే డాక్టరుకు చూపించుకుని, నీళ్ళు, ఉప్పు, మాత్రల మోతాదు సరిచేయించుకోవాలి. ఈ ఉప్పు మాట వాళ్ళకు వర్తించదు.

ఎండలో పనిచేసేవాళ్ళ గురించే మాట్లాడుతున్నాం గాని, నీడలో ఉడికేవాళ్ళు కూడా ఉన్నారు. పెళ్ళిళ్ళ కాలమే ఎండాకాలం. ఫంక్షన్ హాలు వెనుక రేకుల కింద ఆరు పొయ్యిల మధ్య నిలబడే వంటమనిషి, బొగ్గుల ఇస్త్రీ పెట్టె పట్టుకున్న చాకలి అన్న, బేకరీలో కుర్రవాడు, వీళ్ళకు సూర్యుడు తగలడు, కాబట్టి ఎవరి లెక్కలోకీ రారు. ఫ్యాను పెట్టామంటారు. గాలి 40 డిగ్రీలు దాటాక ఫ్యాను చల్లబరచదు, వేడిగాలిని ఒంటిమీదికి తోస్తుంది. అప్పుడు ఒళ్ళు తడుపుకుంటేనే ఆ గాలి పనికొస్తుంది. మెడమీద తడిగుడ్డ, అరగంటకొకసారి ముంజేతులు నీటిలో ముంచడం, బయటి గాలిలో పది నిమిషాలు, వీటికి ఖర్చు లేదు.

చివరిది రాత్రి. పగలు ఎండలో పడిన ఒళ్ళు రాత్రి చల్లదనంలో తేరుకోవాలి. తాటాకు ఇల్లు, పెంకుటిల్లు సూర్యుడు దిగగానే చల్లబడేవి. స్లాబు పగలు తాగిన వేడిని తెల్లవార్లూ కక్కుతూనే ఉంటుంది. రేకుల ఇల్లు పగలు పెనం, దాని కింద నడిజాము దాటినా గాలి కదలదు. అలాంటి చోట నిద్రపట్టని మనిషి మర్నాడు సగం అలసటతోనే పనికి పోతాడు, మూడో రోజో నాలుగో రోజో కూలిపోతాడు. వడగాడ్పు మొదటి రోజుకన్నా వరుసగా సాగే కొద్దీ ఎక్కువమందిని తీసుకుపోవడానికి ఇది ఒక కారణం. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. తెల్లటి పూత వేస్తే కప్పు ఎండను తిప్పికొడుతుందన్నదే అందులోని సంగతి. రంగు డబ్బాకు డబ్బు లేకపోతే సున్నం చాలు, ఫెవికాల్ కాస్త కలిపి రెండు పూతలు వేస్తే వర్షాకాలం దాకా ఉంటుంది. గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గినా నిద్ర పడుతుంది. రేకులమీద కొబ్బరాకులో కందికట్టెలో పరిచి తాళ్ళతో బిగించండి. కూలరు మన వైపు పొడి గాలిలో బాగా పనిచేస్తుంది గాని, కిటికీ తెరిచి పెట్టాలి. తలుపులన్నీ మూసి కూలరు వేస్తే గంటలో గది ఉక్కపోతకు నిలయమవుతుంది. ఈ ఒక్క మాట నేను మా ఇంట్లోవాళ్ళకే పదిహేనేళ్ళనుంచి చెబుతున్నాను, ఇంకా ఒప్పించలేదు.

ఎనిమిది దాటింది. భవన నిర్మాణ సంఘంవాళ్ళు ఈ వేసవికి మేస్త్రీలతో కూర్చుని, పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టి పదకొండుకు దించి, కావలసినవాళ్ళు నాలుగున్నర తరువాత మళ్ళీ ఎక్కేలా, పూర్తి కూలి తగ్గకుండా ఒక ఒప్పందం రాసుకుంటామన్నారు. ఆ కాగితం ముసాయిదా ఆ బల్లమీద ఉంది. మేస్త్రీల తరఫున వచ్చినవాళ్ళు చదివి, పూర్తి కూలి అన్న చోట మీకున్న అభ్యంతరాలు ఇప్పుడే చెప్పండి. పదింటిలోపు తేల్చుకుంటే నడిచి ఇంటికి పోవలసినవాళ్ళు ఎండ ఎక్కకముందే చేరతారు. మజ్జిగ వరండాలో రంజన్‌లో ఉంది.